ధరను ముందుగా ఊహించుట కాయకమగునా?

రానున్న ధరను ముందుగా ఊహించి లాభము గడించుట ధర్మమా, అధర్మమా? ఈ ప్రశ్న పట్టణములలోని ధనికులకు సంబంధించినదని మన పెద్దలు తలచెడివారు. నేడు కామారెడ్డిలో దుకాణమున కూర్చున్న యువకుడును, ఎల్లారెడ్డిలో చదువు ముగించి ఉద్యోగమునకై వేచియున్న యువతియును చేతిలోని ఫోనుతోనే ముంబయి విపణిలో బేరము చేయగలరు. కావున ఈ విచారణ మన యిండ్లలోనే జరుగవలసియున్నది.

ముందుగా విషయమును తెలిసికొందము. ప్రభుత్వము అప్పు తీసికొని ఇచ్చు పత్రమే బాండు. సాధారణముగా దానిపై వచ్చు వడ్డీ స్థిరము. దేశములో వడ్డీరేట్లు పెరిగినచో క్రొత్త బాండ్లు ఎక్కువ వడ్డీ నిచ్చును గనుక పాత బాండు ధర తగ్గును. రేట్లు తగ్గినచో దాని ధర పెరుగును. ముందొక తేదీకి చెల్లవలసిన ధరను నేడే నిర్ణయించుకొను వాయిదా బేరమునకు ఫ్యూచర్స్ అని పేరు. అమెరికా ప్రభుత్వ బాండ్లపై ఇట్టి బేరములు చికాగోలో 1977లో మొదలైనవి. మన దేశమున నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి 2003లోను, మరల 2009లోను ప్రయత్నించి, 2014లో నగదు రూపమున లెక్క తీర్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. ఈ పద్ధతి మన ప్రాంతమునకు క్రొత్త గాదు. పొరుగుననున్న నిజామాబాదు పసుపుపై వాయిదా బేరములు చిరకాలముగా జరిగినవి.

ఇట్టి బేరములు పుట్టినది జూదము కొరకు కాదు. పసుపు నిలువ యున్న వర్తకుడు ధర పడిపోవునేమో యని భయపడును. కోట్ల విలువగల బాండ్లు గల బ్యాంకు వడ్డీరేట్లు పెరుగునేమో యని భయపడును. నేడే ధరను స్థిరపరచుకొన్నచో ఆ భయము తీరును. అయితే ఆ భయమును స్వీకరించువాడొకడు ఎదుట నుండవలెను గదా! ధరను ఊహించి బేరమాడువాడు ఆ పని చేయుచున్నాడు. కావున అతడు లోకమునకు నిరుపయోగి యనుట న్యాయము గాదు.

రైతు మాత్రము ఊహించుటలేదా యని కొందరడుగుదురు. కామారెడ్డి ప్రాంతపు రైతు బెల్లము ధరను తలచియే చెరకు నాటును. ఎల్లారెడ్డి రైతు పోచారము జలాశయములోని నీటిని చూచియే వరి వేయును. నిజమే. కాని రైతు ఊహ తప్పినను బెల్లము మిగులును. అది ఎవరి యింటనో పండుగనాడు పాయసమగును. వాయిదా బేరములో ఊహ తప్పినచో మిగులునది లేదు. ఒకడు పొందిన రూపాయి మరియొకడు పోగొట్టుకొన్న రూపాయియే. దళారి రుసుము మాత్రము ఇరువురును చెల్లింపవలెను.

పైగా అందరికిని తెలిసిన ఊహకు ఫలము లేదు. రిజర్వు బ్యాంకు వడ్డీ తగ్గించునని అందరును తలచినచో, ఆ తలంపు ధరలో ముందే చేరియుండును. తీరా తగ్గించిననాడు ధర కదలకపోవచ్చును, పడిపోవను వచ్చును. లాభము కావలెనన్నచో పెద్ద బ్యాంకులు, బీమా సంస్థలు చూడనిదానిని మనము చూడవలెను.

ఇక బయానా సంగతి. బాండు ఫ్యూచర్స్‌లో ఒక లాటు ముఖవిలువ 2 లక్షల రూపాయలు. ధర నూటికి ఒక రూపాయి కదలినచో 2,000 రూపాయల లాభమో నష్టమో కలుగును. ఉదాహరణకు 6,000 రూపాయలు మాత్రమే బయానా కట్టినవానికి మూడు రూపాయల కదలికతో అంతయు పోవును. అంతకు మించినచో ఇంకను చెల్లింపవలసియుండును. షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్ బేరములలో 2021-22 మొదలు మూడు సంవత్సరములలో వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపడిరనియు, మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలను మించెననియు సెబి 2024లో ప్రకటించినది. అవి బాండ్ల లెక్కలు కాకున్నను, ఊహ యెంత దుర్బలమో తెలుపుచున్నవి.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలేరి దాసోహము నడిపెను. ఒకనాడతడు నిత్యము కంటె అధికముగా తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపక, అధికమైనదానిని మరల అక్కడనే పోసి రమ్మనెను. మారయ్య దొంగిలింపలేదు, శ్రమించియే తెచ్చెను. అయినను ఆమె శ్రమను మాత్రమే చూడలేదు. ఆ అధికము ఎవరిది, ఎందులకు అని చూచెను. బాండు ధరలను రాత్రింబవళ్లు అధ్యయనము చేయువాడును శ్రమించుచున్నాడు. శ్రమ యున్నంత మాత్రమున అది కాయకము కానేరదు.

లక్కమ్మ దృష్టితో మనము మూడు ప్రశ్నలు వేసికొనవచ్చును. నేను స్వీకరించు భయము ఎవరిదైనను నిజమైన భయమా, లేక నేనే కల్పించుకొన్నదా? నష్టము వచ్చినచో అది నన్ను మాత్రమే తాకునా, లేక పిల్లల చదువును, తల్లిదండ్రుల మందులను తాకునా? లాభము వచ్చిననాడు చాలునని లేవగలనా? రెండవ ప్రశ్నకు వెరచువాడు మొదటి లాటు కొనకుండుటయే మేలు.

ప్రభుత్వ బాండుపై విశ్వాసము గలవారికి వేరు మార్గము కలదు. రిజర్వు బ్యాంకు 2021లో ప్రారంభించిన రిటైల్ డైరెక్ట్ పథకము ద్వారా సామాన్యుడును నేరుగా బాండు కొనవచ్చును. గడువు వరకు ఉంచుకొన్నచో నడుమ ధర పడినను లేచినను వడ్డీయు అసలును చేతికి వచ్చును. దేశమునకు అప్పిచ్చుట వేరు. ఆ అప్పు రేపటి ధరపై పందెము వేయుట వేరు. ఇంట నెవరైనను ఈ బేరములకు పూనుకొన్నచో, ఆ అంకెలను ఇంటివారందరి యెదుట పెట్టవలెను. మారయ్య తెచ్చిన మూటను లక్కమ్మ చూచినది గనుకనే అడుగగలిగెను.