బిడ్డకు ఏ భాష? చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతం ఆధారంగా ఒక నైతిక పరిశీలన

పిల్లల భాషను గురించిన చర్చ మన విద్యారంగంలో చాలావరకు బోధనా మాధ్యమం దగ్గరే ఆగిపోతున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధన ఉండాలన్నది. ప్రాథమిక దశలో మాధ్యమాన్ని ఎంచుకునే స్వేచ్ఛ బిడ్డదని, బిడ్డ తరఫున తల్లిదండ్రులదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక కేసులో తీర్పు చెప్పింది. తెలంగాణలో 2018 చట్టం అన్ని బడులలో తెలుగును తప్పనిసరి చేయగా, 2022-23 నుండి ప్రభుత్వ పాఠశాలలు ఆంగ్ల మాధ్యమం వైపు మళ్ళాయి. ఇవన్నీ నిర్ణయాధికారం ఎవరిదన్న ప్రశ్నకు సమాధానాలు. అధికారం ఉన్నవారు ఏమి చేస్తే బిడ్డకు న్యాయం జరుగుతుందన్నది వేరే ప్రశ్న. ఈ వ్యాసం ఆ రెండవదానికే పరిమితం.

బీజాపూర్ రహదారి మర్రిచెట్ల కింద మొయినాబాదు నుండి చేవెళ్ళకు సాగే దారిలో భాష ఒక్కటిగా వినిపించదు. పొలంలో గాజరగడ్డ, ఉల్లిగడ్డ, మక్కజొన్న. పాఠ్యపుస్తకంలో క్యారెట్, ఉల్లిపాయ, మొక్కజొన్న. ఇంట్లో 'నాయిన వచ్చిండు'. నోటుపుస్తకంలో 'నాన్న వచ్చాడు'. ముస్లిముల ఇళ్ళలో దక్కనీ, తండాలలో లంబాడీ, ఫాంహౌసులలో పనికి వచ్చినవారి హిందీ, ఇంజనీరింగు కళాశాలల ఇంగ్లీషు. జంట జలాశయాల రక్షణకై 1996లో వెలువడిన 111వ జీవో పెద్ద నిర్మాణాలను అడ్డుకున్నందువల్ల, నగరానికి ఇంత చేరువలోనూ సేద్యమూ, సేద్యపు పలుకుబడీ మరికొంత కాలం నిలిచాయనుకోవచ్చు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక విభజనలో ఇది ఉత్తర మండలం. ఇక్కడి బిడ్డకు ఎంపిక రెండు భాషల మధ్య కాదు, కనీసం నాలుగు పలుకుల మధ్య.

అమెరికన్ తాత్త్వికుడు జోయెల్ ఫైన్‌బర్గ్ 1980లో ఒక భావనను ప్రతిపాదించాడు. బిడ్డ పెద్దయ్యాక తానే ఎంచుకోవలసిన మార్గాలను తల్లిదండ్రులు ముందుగానే మూసివేయరాదని, బిడ్డకు తెరిచి ఉన్న భవిష్యత్తుపై హక్కు ఉన్నదని దాని సారాంశం. మొదటి చూపులో ఈ వాదం ఇంగ్లీషుకే అనుకూలం: ఉద్యోగం, ఉన్నత విద్య, న్యాయస్థానం అన్నింటి తలుపులూ దానితోనే తెరుచుకుంటున్నాయి. అయితే తలుపులన్నీ ఒకే రకం కావు. ఇంగ్లీషును పదిహేనేళ్ళకు మొదలుపెట్టి, కష్టపడి అయినా, సాధించినవారు ఎందరో ఉన్నారు. నాయినమ్మ భాషను నాయినమ్మ పోయాక నేర్చుకోవడానికి బడి లేదు, గురువు లేడు, చాలా పలుకులకు నిఘంటువు కూడా లేదు. ఆలస్యంగానైనా తెరవగల తలుపుకోసం, ఒకసారి మూస్తే తెరవలేని తలుపును మూసివేయడం ఫైన్‌బర్గ్ సూత్రం ప్రకారమే తప్పు అవుతుంది.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది, దానిని తేలికగా తీసుకోరాదు. నిజాం రాజ్యంలో బడి, కచేరీ ఉర్దూలోనే నడిచినా తెలుగు చావలేదు గదా! మొయినాబాదు దగ్గరి పెదమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి ఉర్దూ న్యాయస్థానాలలో వకీలుగా రాణించి, 1936లో షాద్‌నగర్ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. నేటి జిల్లా పేరు ఆయనదే. ఉర్దూ మాధ్యమంలో చదివిన దాశరథి గాలిబ్‌ను తెనిగించారు. మాధ్యమం మారితే భాష నశిస్తుందన్న భయానికి ఈ చరిత్ర ఆధారమివ్వదు. కాని నాడు బడి మాత్రమే మారింది. ఇల్లు మారలేదు, ఇంటిని మారమని ఎవరూ అడగలేదు. 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాలు బయటి లోటును పూడ్చాయి. నేడు ప్రైవేటు బడులు 'ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి' అంటున్నాయి. రెండు పరిస్థితులకు తేడా ఇక్కడే.

లంబాడీ విషయంలో ఈ తేడా మరింత పదునెక్కుతుంది. జనగణన ఆ భాషను హిందీ కింద చేర్చి లెక్కిస్తుంది. ఎనిమిదవ షెడ్యూలులో దానికి చోటు లేదు. వికారాబాదు వైపు తండా తల్లి బిడ్డతో తెలుగే మాట్లాడదలచుకుంటే, ఆమెను భాషాద్రోహి అనడానికి మనకు ఏ హక్కు ఉంది? భాషను బతికించే భారాన్ని అతి తక్కువ వనరులున్న కుటుంబం మీద మోపడం అన్యాయం. మన తెలుగు శాఖల అధ్యాపకుల పిల్లలు ఏ మాధ్యమంలో చదువుతున్నారో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. మన పిల్లలకు దక్కిన ఇంగ్లీషును తండా బిడ్డకు నిరాకరించే వాదం ఎంత శాస్త్రీయంగా కనిపించినా నైతికంగా నిలవదు.

అందుచేత నేర్పడం, నేర్పకపోవడం, మాన్పించడం అనే మూడింటినీ విడివిడిగా తూచాలి. ఇంగ్లీషు నేర్పడం తల్లిదండ్రుల హక్కు, చాలా సందర్భాలలో బాధ్యత కూడా. ఇంటి పలుకును ప్రత్యేకంగా నేర్పకపోవడం క్షమించదగినది; అది వింటూనే అబ్బుతుంది. మాన్పించడం వీటితో పోల్చదగినది కాదు. 'వచ్చిండు' రాసిన బిడ్డకు 'వచ్చాడు' అనే రూపాన్ని కూడా చూపే ఉపాధ్యాయుడు ఒక వాడుకను అదనంగా ఇస్తున్నాడు. ఎర్రసిరాతో దానిని తప్పుగా కొట్టివేసే ఉపాధ్యాయుడు మాత్రం బిడ్డ తండ్రి మాటనే తప్పంటున్నాడు. ఆ సిరా ఇంగ్లీషు బడిది కాదు, తెలుగు పంతులుది. ఆ పంతులు చదివి వచ్చింది మన తరగతి గదులలోనే. మాండలికాన్ని పరిశోధనాంశంగా గౌరవించే మన శాఖలు మూల్యాంకనంలో దానికి ఎన్ని మార్కులు కోస్తున్నాయో ముందు చూడవలసి ఉంది.