పూటకూళ్లవానితో పొత్తు



పరాయి రాష్ట్రాలలో స్థిరపడిన మన సంఘాలలో తరచుగా వినిపించే ప్రశ్న ఒకటి ఉంది. కార్పొరేషన్ వారు క్షయ పరీక్షల కోసం సంఘపు హాలు అడిగితే ఇవ్వవచ్చునా? పక్క వీధి మసీదు కమిటీ, గుడి ధర్మకర్తలు, మందుల షాపువారు కూడా అందులో పాలుపంచుకుంటే, వారితో కలిసి మనము పని చేయవచ్చునా? అక్కడ వాక్యము చెప్పడానికి వీలు లేదంటే మనము వెళ్లి చేసేదేమిటి? అడిగేవారు చెడ్డ మనసుతో అడగడము లేదు. సంఘము తన పిలుపు మరచి సేవా క్లబ్బుగా మారిపోతుందేమోనన్న భయము వారిది. ఆ భయానికి జవాబు చెప్పవలసిందే.

బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా పంపిన ఉత్తరము (29వ అధ్యాయము) మన వంటి వలస కుటుంబాలు మళ్లీ మళ్లీ చదువుకునేదే. ఇళ్లు కట్టుకొని, తోటలు వేసుకొని, ఆ పట్టణము కోసం ప్రార్థన చేయమన్నాడు ప్రవక్త. దాని క్షేమములోనే వారి క్షేమము ఉన్నదన్నాడు. మన బైబిలులో క్షేమము అని ఉన్నచోట హెబ్రీలో ఉన్న మాట షాలోము. సమాధానము, ఒంటి ఆరోగ్యము, ఏ లోటూ లేకుండా ఉండటము, అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. బబులోను విగ్రహాల పట్టణమని యిర్మీయాకు తెలియక ఆ మాట వ్రాశాడా? మద్రాసు సంగతే చూడండి. మన తాతల నాడు నెల్లూరు, ఒంగోలు తట్టు నుండి అక్కడికి వచ్చినవారిలో ఎందరో వీధులు ఊడ్చారు, మురుగు ఎత్తారు. ఆ పట్టణపు ఆరోగ్యము వారి చేతుల మీద నిలిచింది. వారి మనుమలమైన మనము ఈనాడు ఆ ఊసు మనకెందుకు అనడము నాకైతే వింతగా ఉంది.

క్షయనే ఉదాహరణగా ఎందుకు తీసుకున్నానంటే, ఎవరి ఇంటి తలుపు వారు వేసుకుంటే ఆగే రోగము కాదది. గాలిలో వస్తుంది. ప్రపంచములోని క్షయ రోగులలో దాదాపు నాలుగో వంతు మన దేశములోనే ఉన్నారు. మందులు ప్రభుత్వము ఉచితంగానే ఇస్తుంది. మామూలు క్షయకు ఆరు నెలలు వాడాలి. చిక్కు ఎక్కడంటే, నెలా రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, మనిషి పనిలోకి పోతాడు, మందు మానేస్తాడు. ఇంకొకడు ముందు ప్రైవేటు డాక్టరు దగ్గరకు పోతాడు, డబ్బు అయిపోయాక ఎక్కడికి పోవాలో తెలియదు. క్షయ రోగి దొరికితే ప్రైవేటు డాక్టర్లు కూడా ప్రభుత్వానికి తెలపాలని 2012లో ఆజ్ఞ వచ్చింది. ఆజ్ఞ ఒక్కటే మనిషిని ఆస్పత్రి దాకా నడిపించదు. చెన్నైలో 1999 నుండి పని చేస్తున్న రీచ్ అనే సంస్థ మొదటి నుండి చేసినది ఇదే: ప్రైవేటు డాక్టర్లను ప్రభుత్వ చికిత్సతో కలపడము, రోగి పక్కన ఒక మనిషిని నిలపడము.

ఇది చెన్నైకి కొత్త పాఠము కాదు. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలిసి అక్కడ క్షయ చికిత్సా కేంద్రము ఒకటి తెరిచాయి. ఆ రోజుల్లో క్షయ అంటే శానటోరియములో చేరి మంచం పట్టి ఉండాలి, పాలు, గుడ్లు తినాలి. పేదలకు అన్ని పడకలు ఎక్కడివి? అందుకని పేట వాసులైన రోగులలో కొందరిని శానటోరియములో, కొందరిని వారి ఇళ్లలోనే ఉంచి, ఏడాది పాటు అవే మందులు ఇచ్చి చూశారు. 1959లో ఫలితము ప్రకటించారు. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారు కూడా శానటోరియములో ఉన్నవారికి దాదాపు సమానంగానే బాగుపడ్డారు. ఇంట్లోవారికి అదనంగా రోగము అంటుకోలేదు. లోకమంతటా శానటోరియములు మూతపడటానికి ఈ ఫలితము పెద్ద కారణము. అయితే ఒక సంగతి మరచిపోరాదు. రోగులు మందులు సరిగా వేసుకుంటున్నారో లేదో చూడటానికి ఆ కేంద్రపు మనుషులు ఇళ్లకు వెళ్లి వచ్చేవారు. మందు మింగించినది పడక కాదు, గడప తొక్కిన మనిషి.

ఈ పని మన పెద్దలకూ కొత్తది కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరము శానటోరియము 1915లో తెరిచినప్పుడు దాని పేరులోనే యూనియన్ మిషన్ అని పెట్టుకున్నారు. ఏ ఒక్క మిషను వల్లా అయ్యే పని కాదని పలు మిషన్లు కలిసి కట్టిన ఆస్పత్రి అది. వారందరూ క్రైస్తవులే కదా అని మీరు అనవచ్చు. నిజమే. మరి మంచి సమరయుని మాట ఏమిటి?

ఆ ఉపమానములో మనము సమరయుని దగ్గరే ఆగిపోతాము. పూటకూళ్లవాని సంగతి చెప్పిన ప్రసంగాలు నేను వినలేదు. గాయాలకు నూనె, ద్రాక్షారసము పోసి, తన వాహనము మీద ఎక్కించుకొని తెచ్చినవాడు మరునాడు ప్రయాణము సాగించవలసి వచ్చింది. అతడు రెండు దేనారాలు పూటకూళ్లవాని చేతిలో పెట్టి, మిగతా ఖర్చు తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. ఆ పూటకూళ్లవాడు ఎవరిని ఆరాధించేవాడో ప్రభువు చెప్పలేదు, సమరయుడు అడగలేదు. దెబ్బలు తిన్నవాడు బ్రతికినది ఆ ఇద్దరి పొత్తు వల్ల. ఈనాటి పూటకూళ్లవాడు కార్పొరేషన్ నర్సమ్మ కావచ్చు, మసీదు కమిటీ పెద్ద కావచ్చు.

ఇక సువార్త మాట. దీనికి జవాబు మన బాప్టిస్టు చరిత్రలోనే ఉంది. 1876-78 కరువులో ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ తవ్వకములో మూడు మైళ్లకు పైగా ప్రభుత్వము దగ్గర కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి పని చూపించారు. తెల్లదొరల ప్రభుత్వముతో పొత్తే అది. ఆ కాలములో వేలమంది బాప్తిస్మము అడిగారు. ఆయన ఏడాదికి పైగా ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారో, క్రీస్తు కోసం వస్తున్నారో తేలాలన్నారు. కరువు సహాయము ముగిసిన తరువాతే, 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మము ఇచ్చారు. మనము ఆ అంకెను జూబిలీ సభలలో గర్వంగా చెప్పుకుంటాము. దాని వెనుక ఉన్న నెలల నిరీక్షణను చెప్పుకోము. అన్నమునకు, మందుకు బాప్తిస్మము వెల కట్టరాదన్న నియమము మనకు బయటివారు నేర్పినది కాదు.

అలాగని ఎవరు చేయి చాపితే వారి చేయి పట్టుకోమని నేను చెప్పను. బీడీ, సిగరెట్టు కంపెనీ డబ్బుతో ఊపిరితిత్తుల శిబిరము పెడదామంటే వద్దనాలి. ఎన్నికల ముందు తన బొమ్మ ఉన్న బ్యానరు కడితేనే బియ్యము ఇస్తానన్న నాయకునికి నమస్కారము పెట్టి పంపాలి. రోగిని ఎవరూ వాడుకోరాదు.

ఎవరూ అన్నప్పుడు మనము కూడా ఉన్నాము. 2022 సెప్టెంబరులో మొదలైన నిక్షయ్ మిత్ర పథకములో సంఘాలు, కంపెనీలు, మామూలు మనుషులు కూడా క్షయ రోగిని కొన్ని నెలల పాటు పోషకాహారముతో ఆదుకోవచ్చు. రోగి ఒప్పుకుంటేనే. ప్రభుత్వము రోగి తిండికి నెలకు ఇచ్చే సొమ్మును 2024 నవంబరులో 500 రూపాయల నుండి 1,000కి పెంచింది. ఈ రోజుల్లో అది ఏ మూలకు? జార్ఖండ్‌లో జరిగిన పరిశోధన ఫలితము 2023లో వచ్చింది. రోగి ఇంట్లోవారికి కూడా తిండి సరుకులు అందించిన చోట కొత్తగా క్షయ వచ్చినవారు దాదాపు 40 శాతము తగ్గారు. మందుకు తిండి బదులు కాదు గాని, పక్కన పడుకునే పిల్లలను అది కాపాడుతుంది. కాబట్టి మన స్త్రీల సమాజము పప్పు, నూనె, వేరుశెనగ మూట కట్టి ఇవ్వడము మంచి పనే. ఇచ్చేటప్పుడు ఫోటో తీయడము, సంఘము పేరున్న సంచి చేతికి ఇచ్చి వీధిలో నడిపించడము వేరు. క్షయ అని తెలిస్తే ఇల్లు ఖాళీ చేయించే యజమానులు, పెళ్లి సంబంధము వదులుకునేవారు ఇంకా ఉన్నారు. ఆదివారపు ప్రార్థన మనవులలో ఫలానా అమ్మాయికి క్షయ అని బిగ్గరగా చదవడము కూడా ఇదే కోవలోది. పేరు చెప్పకుండా ప్రార్థించినా దేవునికి తెలుస్తుంది. చెప్పాలంటే ముందు ఆ బిడ్డను అడగాలి.

మనము ఇవ్వగలిగిన వాటిలో డబ్బు కంటే విలువైనది భాష. స్థిరపడిన మనకు తమిళము, కన్నడము, మరాఠీ, ఒడియా ఇంటి భాషతో సమానంగా వచ్చు. శ్రీకాకుళము నుండి నిన్న మొన్న మేస్త్రీ వెంట కట్టడపు పనికి వచ్చినవానికి రావు. దగ్గు ఎన్నాళ్లుగా ఉందని నర్సమ్మ అడిగితే తెల్లమొగము వేస్తాడు. అతని పక్కన కూర్చొని రెండు మాటలు అటూ ఇటూ చెప్పడానికి వేదాంత కళాశాల పట్టా అక్కరలేదు. రిటైరైన పెద్దలు, కాలేజీ యౌవనస్థులు చాలు.

మిగిలినది హాలు ఏ రోజు తెరవాలన్నది. కొన్నిచోట్ల డీకన్లు వారము మధ్యలో అయితే సరేగాని, ఆరాధన దినమున వద్దంటారు. వారి మాటలోనూ న్యాయము ఉంది. ఆరాధన ముగిసి, బెంచీలు సర్దిన తరువాత, మధ్యాహ్నము రెండింటికి తెరిస్తే ఏమని మీ సంఘ కూటములో అడిగి చూడండి. కూలి పనివారికి సెలవు ఆదివారమే.