పూచీయా, పక్షపాతమా?

ఒకరికి అప్పు ఇచ్చుట వేఱు. అప్పు పుట్టు చోట ఒకరికి స్థానము కల్పించుట వేఱు. మొదటిది చేతిలోని ధనమునకు సంబంధించినది. రెండవది నోటిలోని మాటకు సంబంధించినది. సహకార పరపతి సంఘమున క్రొత్తగా చేరగోరువాని దరఖాస్తుపై సంతకము చేయు పాత సభ్యుడు తన జేబునుండి దమ్మిడీయైనను తీయడు. అయినను ఆ సంతకము లేనిదే క్రొత్తవానికి తలుపు తెఱువబడదు. మన భాష మాట్లాడువారు కొద్దిమందిగానున్న ఊళ్ళలో తరతరములుగా కాపురములు చేయుచున్న మన కుటుంబములకు, అట్టి సంతకము విలువ యెట్టిదో ఒకరు చెప్పవలసిన పని లేదు. వ్యక్తుల విషయమున ఇంత తేటగా తెలియు ఈ ధర్మము రాజ్యముల విషయమున ఎట్లు వర్తించునన్నది మేమిందు విచారింపదలచిన ప్రశ్న.

1944వ సంవత్సరము జూలై నెలలో అమెరికాలోని బ్రెట్టన్ వుడ్స్ అను చోట 44 దేశముల ప్రతినిధులు సమావేశమై అంతర్జాతీయ ద్రవ్యనిధిని, ప్రపంచ బ్యాంకును నెలకొల్పుటకు నిశ్చయించిరి. అప్పటికింకను స్వాతంత్ర్యము రాని మన దేశము సైతము ఆ సభలో పాల్గొని స్థాపక సభ్యులలో నొకటి అయ్యెను. కావున ఈ సభ్యత్వమును, స్వాతంత్ర్యమును ఒకటిగా భావింపరాదని మన చరిత్రయే చెప్పుచున్నది.

ద్రవ్యనిధిలో సభ్యత్వము లేనిదే ప్రపంచ బ్యాంకులో సభ్యత్వము లేదు. ఐక్యరాజ్య సమితిలో చేరవలెనన్న భద్రతా మండలి సిఫార్సు కావలెను. అచ్చట ఐదు అగ్రరాజ్యములలో ఏ యొక్కటి కాదన్నను ద్వారము మూతపడును. ద్రవ్యనిధిలో క్రొత్త సభ్యుని చేర్చుకొనుటకు అట్టి వీటో లేదు. పోలైన ఓట్లలో ఆధిక్యము చాలును. అయితే ఆ ఓట్లు తలకొకటి చొప్పున లెక్కింపబడునవి కావు. ప్రతి సభ్యునకు సమానముగా కొన్ని మూలపు ఓట్లు, ఆపైన వారివారి కోటాను బట్టి మఱికొన్ని ఓట్లు నుండును. అమెరికా ఒక్కదానికే మొత్తములో ఇంచుమించు ఆఱవ వంతు కలదు. ఒకచోట బలవంతుడు అడ్డుపడగలడు. రెండవచోట ధనవంతుడు లోనికి తీసికొని రాగలడు. ఇదియే ఈ రెండు గృహముల తేడా.

దీనికి ఉదాహరణముగా కొసొవో దేశమును గ్రహింతము. ఇరువది లక్షలకు లోపు జనాభా గల ఈ చిన్న ప్రదేశము సెర్బియాలో అంతర్భాగముగా నుండెను. 1999 నాటి యుద్ధానంతరము ఐక్యరాజ్య సమితి పాలన క్రిందకు వచ్చెను. 2008 ఫిబ్రవరి 17న స్వాతంత్ర్యమును ప్రకటించుకొనెను. మఱునాడే అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు దానిని గుర్తించెను. సెర్బియా, రష్యా అంగీకరింపలేదు. ఐరోపా సమాఖ్యలోనే స్పెయిన్, గ్రీసు, రుమేనియా, స్లొవేకియా, సైప్రస్ దేశములు గుర్తింపలేదు. మన దేశమును గుర్తింపలేదు. అయినను మిత్రరాజ్యముల దౌత్య సహాయముతో 2009 జూన్ 29న కొసొవో ద్రవ్యనిధిలో 186వ సభ్యునిగాను, ప్రపంచ బ్యాంకులో సభ్యునిగాను చేరెను. ఎస్.డి.ఆర్. అను నిధి లెక్కలో 5 కోట్ల 90 లక్షలు దాని తొలి కోటా. అదే దేశము 2015లో యునెస్కోలో చేరబోయి, మూడింట రెండు వంతుల ఆధిక్యమునకు మూడు ఓట్లు తక్కువై వెనుదిరిగెను. అచ్చట పెద్ద దేశమునకును, చిన్న దేశమునకును ఒక్కటే ఓటు గదా! ఋణశాలలో పీట దొరికినవానికి విద్యాశాలలో పీట దొరకలేదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పిరి. ఇచ్చట రచ్చలో సగము గెలిచి ఇంటి తగవు తీరక యున్నది.

ఇంటి తగవు తీరకముందే ఒకరిని పీటపై కూర్చుండబెట్టుట న్యాయమా? కాదనువారి వాదములో బలము లేకపోలేదు. పొరుగువాడు తన భాగమని చెప్పుచున్న దానికి మనము వేఱు పట్టా వ్రాయించిన యెడల, అది సహాయము గాక తగవులో పక్షము వహించుట యగును. ఇంకొకటి గలదు. పాలస్తీనాను 140కి పైగా దేశములు గుర్తించినవి. 2012లో ఐక్యరాజ్య సమితి దానికి పరిశీలక రాజ్యముగా స్థానమొసంగెను. అయినను ద్రవ్యనిధిలో దానికి సభ్యత్వము లేదు. గుర్తించినవారి సంఖ్య ఎక్కువైనను ఒకరు బయట, తక్కువైనను మఱియొకరు లోపల నున్నప్పుడు, కొలబద్ద ధర్మమా, స్నేహమా యను సందేహము ఎవరికైనను కలుగక మానదు.

అయినను మేము ఆ వాదమును పూర్తిగా అంగీకరింపజాలము. తగవు తీరుటకు తరములు పట్టవచ్చును. ఆకలి అంతవఱకు ఆగదు. 1972 ఆగస్టులో బంగ్లాదేశ్ కథ జ్ఞప్తికి దెచ్చుకొందము. ఆ నెలలోనే అది ద్రవ్యనిధిలో సభ్యత్వము పొందెను. ఆ నెలలోనే భద్రతా మండలిలో చైనా వీటోచే ఐక్యరాజ్య సమితి ప్రవేశము ఆగిపోయెను. దాని పక్షమున మండలిలో తీర్మానము ప్రతిపాదించిన దేశములలో భారతదేశమును, నాటి యుగోస్లావియాయు కలవు. సమితిలో స్థానము 1974 సెప్టెంబరులో గాని దక్కలేదు. యుద్ధముచే చితికిపోయిన ఆ ప్రజలను, రాజకీయము సర్దుకొనువఱకు అప్పునకు సైతము అర్హులు కారని బయట నిలువబెట్టియుండిన ఏ ధర్మము నిలిచియుండెడిది? నాడు మన దేశము చేసినది పక్షపాతమని మనలో ఎవరును అనరు. కావున పక్షము వహించుట యెల్ల పాపము కాదు. ఎవరి మేలుకై వహించితిమన్నదియే పరీక్ష.

ఈ సభ్యత్వము బహుమానమని తలచుటయు పొరపాటే. పేరు వ్రాసికొన్న దినము మొదలు పాత బాకీలలో తన వాటా తలకెత్తుకొనవలెను. యుగోస్లావియా కాలపు ప్రపంచ బ్యాంకు ఋణములలో తన భాగమును కొసొవో అట్లే స్వీకరించెను. 2010లో ద్రవ్యనిధితో తొలి ఋణపు ఒడంబడిక కుదిరెను. పిమ్మట ఎన్నికల వేళ ఉద్యోగుల జీతములు మిక్కుటముగా పెంచుటచే ఆ ఒడంబడిక దారి తప్పెను. 2012లో క్రొత్త దానిని వ్రాసికొనవలసి వచ్చెను. జీతముపై బ్రతికిన మావంటివారికి జీతము పెరుగుట చేదు కాదు. కాని పద్దుపుస్తకము ఎవరి మొగమును చూడదు. పూచీపడిన మిత్రుడు ఎంత గొప్పవాడైనను జమాఖర్చులు సరిచూచుకొనవలసినది ఇంటి యజమానియే.

ఇక పూచీపడినవాని బాధ్యత. అతడు తలుపు తెఱపించి చేతులు దులుపుకొనరాదు. సెర్బియా పాలనలో అల్బేనియన్లు అల్పసంఖ్యాకులై బాధలు పడిరి. నేడు కొసొవోలో సెర్బులు అల్పసంఖ్యాకులు. 2008 నాటి వారి రాజ్యాంగము అల్బేనియన్, సెర్బియన్ భాషలు రెండింటిని అధికార భాషలుగా ఒప్పుకొని, 120 శాసనసభా స్థానములలో 20 అల్పసంఖ్యాక వర్గములకు ప్రత్యేకించినది. కాగితముపై ఇది మెచ్చదగినది. అయితే కచేరీలో తన భాషలో వ్రాసిన అర్జీకి జవాబు వచ్చునా, బడిలో తన బిడ్డకు తన భాష చెప్పుదురా యన్నది కాగితము చూచి తెలియదు. ఈ సంగతి మన కుటుంబములకు తెలిసినంతగా అన్యులకు తెలియదు. బాధ నెఱిగినవాడు అధికారము వచ్చిన పిమ్మట ఆ బాధను ఇతరులకు కలిగింపకుండుటయే స్వాతంత్ర్యమునకు ఒఱపు. పూచీపడిన రాజ్యములు వడ్డీ లెక్కతో పాటు ఈ లెక్కయు అడుగవలెను.

కావున మా నిశ్చయమిది. ప్రజల జీవనమునకై క్రొత్త రాజ్యమునకు ఋణశాలలో చోటిప్పించుట ధర్మమే. అయితే ఒకరికి వాడిన కొలబద్దనే మఱియొకరికిని వాడవలెను. చేర్చినవాడు చేరినవాని నడతకు కొంత జవాబుదారీ వహింపవలెను. చేరినవాడు తనకంటె చిన్నవానికి తాను పూచీపడవలెను. ఈ మూడును ఉన్నచోట అది పూచీ. ఈ మూడును లేనిచోట అది పక్షపాతము మాత్రమే. దానికి ఎన్ని ఓట్లు వచ్చినను దాని పేరు మాఱదు.