అనుమోదన అను పద్దు

శ్రావకుని వ్రతములలో మొదటిది అహింసాణువ్రతము. గృహస్థుడు సర్వహింసను మానజాలడు. పొయ్యి వెలిగింపక, ధాన్యము దంపక, సరకు బండి కెక్కింపక సంసారము జరుగదు. అందుచేతనే ఆచార్యులు హింసను సంకల్పి, ఆరంభి, ఉద్యోగి, విరోధి అని నాలుగు తెఱగులుగా విభజించి, కావలెనని చేయు సంకల్పి హింసను గృహస్థుడు తప్పక విడువవలెనని విధించిరి. ఇది పాఠశాల పిల్లలకును తెలిసినదే. దీనికి తోడు మఱియొక లెక్క కలదు: కృతము, కారితము, అనుమోదితము. తాను చేయుట, ఒకనిచే చేయించుట, ఒకడు చేయుచుండగా సరే యనుట. మొదటి రెండు పద్దులను వర్తకులు శ్రద్ధగనే చూచుకొందురు. మూడవది తఱచుగా చిట్టాకు ఎక్కకయే పోవును.

ఎవనిపైని చేయి యెత్తనివాడు, ఎవనిని పరుషముగా పలుకనివాడు, ఊరి యాచారము ననుసరించి తన అంగడిలో తాను కూర్చున్నవాడు హింస చేసినవాడగునా?

కాడనుటకు ఆధారము లేకపోలేదు. శ్వేతాంబర సంప్రదాయమున శ్రావకుడు సాధారణముగా రెండు కరణములతో, మూడు యోగములతో వ్రతము పట్టును. అనగా మనోవాక్కాయములచే చేయను, చేయింపను అనును. అనుమోదింపను అనుట మునుల వ్రతము. కాని సమంతభద్రాచార్యుని రత్నకరండ శ్రావకాచారము గృహస్థుని అణువ్రతములోనే అనుమోదనను గూడ చేర్చినది. వ్రతము పట్టలేదు గనుక దోషమంటదని మాత్రము ఏ సంప్రదాయమును చెప్పదు.

ఈ సూక్ష్మమైన ప్రశ్న జైనధర్మము పేరైనను సరిగా వినని అమెరికా పట్టణములలో, అంగళ్ల ముందఱ, పరీక్షకు వచ్చినది. దాని వేరు వెదకినచో బొంబాయిలోని ఒక రత్నవర్తకుని కడకు పోవలసివచ్చును. 1891లో ఇంగ్లాండునుండి తిరిగి వచ్చిన గాంధీకి శ్రీమద్ రాజచంద్రుడు పరిచయమయ్యెను. రాజచంద్రుడు ముప్పది నాలుగవ యేట, 1901లో గతించెను. గాంధీ మాత్రము తన జీవితముపై గాఢమైన ముద్ర వేసినవారిలో టాల్‌స్టాయి, రస్కినులతోపాటు ఆయనను కడవఱకు తలచుకొనెను. గాంధీ మార్గమును 1929లో అట్లాంటాలో జన్మించిన మార్టిన్ లూథర్ కింగు అందుకొనెను. మాంట్‌గోమరీ నగరమున నల్లజాతివారు బస్సు లెక్కక 381 దినములు నడచిరి. ఆ కథ అందఱు ఎఱిగినదే. వర్తకులు చూడవలసినది దాని తరువాతి ఘట్టము.

1960 ఫిబ్రవరి 1వ తేదీన గ్రీన్స్‌బరో పట్టణమున నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్తు అంగడికి పోయి ఒక బల్లవద్ద చిల్లర సామానులు కొనిరి. పైకము పుచ్చుకొని సరకు ఇచ్చిరి. అదే అంగడిలో ఫలాహారపు బల్లవద్ద కూర్చుండి కాఫీ అడిగిన, ఇయ్యమనిరి. ఒకే అంగడి, ఒకే గల్లా. ఒకచోట వారి డబ్బు చెల్లినది, ఇంకొకచోట చెల్లలేదు. పనివాండ్రు వారిని కొట్టలేదు. ఆచారమనిరి, అంతే.

1962లో బర్మింగ్‌హామ్ వర్తకులు తమ అంగళ్లలో తెల్లవారికి, నల్లవారికి వేఱువేఱని చూపు పలకలను తీసివేయుదుమని మాట యిచ్చిరి. కొందఱు తీసిరి కూడ. కొలది దినములకే ఆ పలకలు మరల గోడ కెక్కినవి. ఆ వర్తకులు అందఱును ద్వేషులు కారు. అధికారులు బెదరించిరి; పొరుగు అంగడివాడు తీయనిదే తాను తీసిన బేరము పోవునని భయము. వ్యాపారము చేసినవారికి ఈ భయము కొత్తది కాదు, దానిని తేలికగా నవ్వివేయరాదు. అయినను పలకను దించిన చేయియే దానిని మరల తగిలించినది. దించినప్పుడే అది తప్పని ఒప్పుకొన్నట్లు గదా! ఇక ఆచారమని తప్పించుకొను దారి వారికి మిగులలేదు.

1963 వసంతమున, ఈస్టరు బేరముల కాలము చూచి, నల్లజాతివారు ఆ అంగళ్లలో కొనుట మానిరి. కొనకుండుట హింసయా యని సందేహించువారు గలరు. ఏ గిరాకియైనను కొనితీరవలెనను నియమము ఏ పేటలోను లేదు. చెఱసాలనుండి కింగు వ్రాసిన లేఖలో తనకు ఎక్కువ నిరాశ కలిగించినవారు బాహాటముగా ద్వేషించువారు కారని, న్యాయముకంటె నెమ్మదియే మేలని కూర్చున్న మంచివారని భావము. మే 10వ తేదీన ఒప్పందము కుదిరినది. పలకలు పోవలెను, బట్టలు తొడిగి చూచుకొను గదులు అందఱికి తెఱువవలెను, నల్లవారిని గుమాస్తాలుగా తీసికొనవలెను. ఆకాశము విరిగి పడలేదు.

కింగు 1959లో భారతదేశమునకు వచ్చినపుడు తిరువనంతపురములో ఒక పాఠశాల పెద్ద, అంటరానివారన్న కుటుంబముల పిల్లలకు ఆయనను అమెరికానుండి వచ్చిన సాటి అంటరానివాడని పరిచయము చేసెను. కింగునకు మొదట మనసు చివుక్కుమన్నది. తరువాత ఆలోచించి, అది నిజమేనని ఒప్పుకొనెను. ఆయన తన ఊరి పలకను ఇక్కడ చదువుకొనెను. ఇక్కడివారు ఆయన కథలో తమ ఊరిని చదువుకొనుట ఉచితమే.

నాందేడు 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిది. బిలోలి, దేగ్లూరు, ధర్మాబాదు వైపు తెలుగు మాట నేటికిని వినవచ్చును. ఇచ్చటి విశ్వవిద్యాలయము స్వామి రామానంద తీర్థ పేరిటనున్నది. సన్యసించిన ఆ స్వామి 1938లో నిజాము నిషేధమును ధిక్కరించి సత్యాగ్రహము చేసి చెఱసాలకు పోయెను. సన్యాసికి పోవుటకు అంగడి లేదు, ఉద్దెర బాకీలు లేవు అనవచ్చును. 1947-48లో ఆ యుద్యమము సరిహద్దు శిబిరములలో ఆయుధము పట్టినది. అది విరోధి హింస ప్రశ్న, వేఱుగ విచారింపదగినది.

గృహస్థుని ప్రశ్న 1978లో వచ్చినది. అమెరికాలోని కొలంబియాలో చదివివచ్చిన అంబేడ్కరు పేరు మరఠ్వాడా విశ్వవిద్యాలయమునకు పెట్టవలెనని జులై 27న మహారాష్ట్ర శాసనసభలు తీర్మానించగా, దళితులపై దౌర్జన్యములు చెలరేగినవి. నాందేడు జిల్లా మిక్కిలి నష్టపడినవానిలో ఒకటి. ఇండ్లు కాలినవి. టెంభుర్ణి గ్రామమున పోచీరాం కాంబ్లే చంపబడెను. ఆ పేరుమార్పు 1994 జనవరి 14 వఱకు జరుగలేదు. ఆ యేడే సెప్టెంబరు 17న నాందేడు విశ్వవిద్యాలయము వేఱుగా ఏర్పడినది.

గ్రామములలో అంగడివానికి ఇరుప్రక్కలవారును గిరాకులే. అల్లరినాడు తలుపు మూసికొనుట ప్రాణరక్షణ; దానిని తప్పనరాదు. మఱునాడు తలుపు తెఱచినపుడు కాలిన గూడెమునుండి వచ్చినవానికి బియ్యము ఉద్దెర ఇచ్చెనా, ఎదురు అరుగుమీద కూర్చున్నవారి ముఖము చూచి లేదనెనా, కాల్చినవాడు బేరమునకు వచ్చి గొప్పలు చెప్పుకొనగా నవ్వి తూకము వేసెనా - అనుమోదన పద్దు పడునది అచ్చటనే. అల్లరులు రేగునాటికి చాతుర్మాస్యము మొదలై వారము గడచినది. పెందలకడనే భోజనములు ముగించి, పచ్చికూరలు మానినవారు ఎందఱో. సెప్టెంబరులో సంవత్సరి వచ్చినది. అడితిదారులకు, బంధువులకు క్షమాపణ పత్రములు ఎప్పటివలెనే పోయియుండును. కాలిన యిండ్లవారికి పోయినవి ఎన్ని?