ముందుగా ఎర్రబడిన పండు



ధ్యానభాగములు: యోవేలు 1:4, 12, మత్తయి 5:23-24.

యోవేలు మొదటి అధ్యాయములో గొంగళిపురుగు కనబడును. అదే అధ్యాయములో వాడిపోయిన జల్దరుచెట్టు కూడ కనబడును. ఇంగ్లీషు బైబిలులో ఆ చోట ఆపిల్ చెట్టు అని ఉన్నది. ఆపిల్ చెట్టును తిను పురుగులలో రెండింటిని గూర్చి ఈ నెల ధ్యానింతము.

మొదటిది గుడారపు గొంగళి. ఇది హిమాచల్ తోటలలో ఉన్నది. తల్లి సన్నని కొమ్మ చుట్టూ ఉంగరమువలె గ్రుడ్లు పెట్టును. వసంతములో పిల్లలు పుట్టి, కొమ్మల పంగలో పట్టుదారముతో గుడారము అల్లుకొని, గుంపుగా ఆకులు తినును. కాని తోటవాడు ఆ గుడారమును దూరమునుండియే చూచి తీసివేయగలడు.

రెండవది కాడ్లింగ్ మాత్ అను చిమ్మట పిల్ల. ఇది లడఖ్ తోటలకు పెద్ద బెడద. తల్లి పొడవు సుమారు ఒక సెంటీమీటరు. బూడిదరంగుది గనుక బెరడుమీద వ్రాలిన కనబడదు. ఆకులమీదను పిందెలమీదను ఒక్కొక్క గ్రుడ్డుగా పెట్టును. పుట్టిన పురుగు 2, 3 మిల్లీమీటర్లే. అది తరచుగా పూవు ఎండిన చోటున దూరి, గింజలదాక తొలుచుకొని పోవును. 3 నుండి 5 వారములు తిని, బయటికి వచ్చి, బెరడు పగుళ్లలో గూడు కట్టి చలికాలము గడుపును.

ఇక్కడ ఒక మాట గమనించుడి. పురుగు పట్టిన పండు తరచుగా తక్కినవాటికంటె ముందే ఎర్రబడును. చూచువాడు ఇదే మంచి పండు అనుకొనును. అదే ముందు రాలును.

ప్రియులారా, ఆ పండు నేనే. గుడి మరమ్మతు లెక్కలు నేను వ్రాసిన దినములలో ఒక సహోదరుడు కమిటీలో నన్ను ఒక ప్రశ్న అడిగెను. అడుగుట ఆయన హక్కు. నేను దానిని అవమానముగా తీసికొంటిని. 14 ఏండ్లు ఆయనతో ముఖాముఖి మాటలాడలేదు. ఆ ఏండ్లన్నియు ముందు బల్లమీద కూర్చుంటిని, దీర్ఘ ప్రార్థనలు చేసితిని, ప్రభువు బల్లలో పాలుపొందితిని. అందరు నన్ను పండిన విశ్వాసి అనిరి. ఆయన పిల్లలు మాత్రము గుడికి వచ్చుట మానిరి. పొరుగు రాష్ట్రములో మనము గుప్పెడు కుటుంబములము. ఒక యిల్లు తగ్గినయెడల పాటలోనే ఆ లోటు వినబడును.

మత్తయి 5వ అధ్యాయము పిల్లలకు ఎన్నోసార్లు బోధించితిని. ఒక శనివారము రాత్రి అది నాకే బోధించెను. మరునాడు ఆరాధనకు ముందే ఆయన యింటికి వెళ్లి, "అన్నా, తప్పు నాది" అంటిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, "లోపలికి రా తమ్ముడూ, టీ త్రాగి కలిసి పోదము" అనెను. పిల్లలు ఇంకను రాలేదు. వారికొరకు మేమిద్దరము కలిసి ప్రార్థించుచున్నాము.

తోటవాడు మందు చల్లుటకు ఒక సమయమున్నది. పురుగు పండులో దూరకముందే చల్లవలెను; దూరినపిమ్మట పైన చల్లిన మందు దానిని తాకదు. ప్రొద్దు గ్రుంకకముందే కోపము విడువుమని పౌలు ఎఫెసీయులకు వ్రాసినది ఇందుకే. ఆలస్యమైనవారికిని మార్గము లేకపోలేదు. తోటవారు రాలిన పండ్లను ఏరి నాశనము చేయుదురు. మాను చుట్టూ గోనెపట్టా కట్టి, అందులో దాగిన పురుగులను తీసి కాల్చుదురు. పురుగు పట్టినదని చెట్టును నరకరు.

మన తోటమాలియు మనలను నరకలేదు. పురుగులు తినివేసిన సంవత్సరములను తిరిగి ఇత్తునని యోవేలు 2:25లో ఆయన వాగ్దానము చేసెను. వచ్చు ప్రభురాత్రి భోజనమునకు ముందు మీరు వెళ్లవలసిన యిల్లు ఏదో మీకు తెలియును. లేచి వెళ్లుడి. ఆమేన్.