గోడ మీది స్విచ్ పని మానకూడదమ్మా

అమ్మడూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు రాజమండ్రి ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టి, ఇంట్లో లైట్లూ మోటారూ నడిపే హోమ్ అసిస్టెంట్ ఎక్కిస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. తప్పకుండా పెట్టు. కాకపోతే నువ్వు నాలుగు రోజులుండి బెంగుళూరు వెళ్ళిపోతావు. ఆ తర్వాత ఆ పెట్టెతో కాపురం చేసేది మీ అమ్మ, నాన్న, నానమ్మ. అది మనసులో పెట్టుకునే పని మొదలుపెట్టు.

నువ్వు ఎంచుకున్నది మంచిదే. 2013లో పౌలస్ స్కౌట్‌సెన్ మొదలుపెట్టినప్పటి నుంచీ హోమ్ అసిస్టెంట్ ఓపెన్ సోర్స్‌గానే ఉంది. 2024లో ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చేతికి వచ్చింది. మన ఇంటి సంగతులు మన ఇంట్లోనే ఉంటాయి, ఇంటర్నెట్ పోయినా లోపలి పనులు సాగుతాయి. అందుకని కొనే ప్లగ్గులూ స్విచ్‌లూ కూడా కంపెనీ సర్వర్‌తో పని లేకుండా ఇంట్లోనే మాట వినే రకమే చూసి కొను. చవగ్గా వస్తున్నాయని క్లౌడ్ మీద బతికేవి తెచ్చావంటే, ఆ రాస్ప్‌బెర్రీ పై పెట్టిన లాభం సగం పోయినట్టే.

ఎక్కించడం నీకు నేను చెప్పక్కర్లేదు. రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్‌లో హోమ్ అసిస్టెంట్ ఓఎస్ ఎంచుకుని కార్డు మీదకి రాసి, లాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలిపి, బ్రౌజర్‌లో 8123 పోర్టు తెరవడమేగా. మొదటిసారి తయారవడానికి కాసేపు పడుతుంది, ఆగిపోయిందనుకుని మధ్యలో ప్లగ్గు పీకకు. మామూలు లినక్స్ మీద సూపర్‌వైజ్డ్ పద్ధతిలో పెడదామన్న ఆలోచన ఉంటే మానెయ్యి. 2025లో వాళ్ళే దానికి మద్దతు విరమించారు. మనుషులు కాపురముండే ఇంటికి ఓఎస్సే నయం.

ఖర్చు తగ్గించకూడనివి రెండున్నాయి. మొదటిది పవర్ సప్లై. పై 4కి 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు కావాలి, పై 5కి 5 ఆంపియర్లు. డ్రాయర్‌లో పాత ఫోన్ ఛార్జర్ ఉంది కదా అని తగిలించకు. వోల్టేజీ తగ్గితే బోర్డు నీరసిస్తుంది, రాస్తున్న ఫైలు పాడవుతుంది. రెండోది నిల్వ. సెన్సర్ విలువ మారినప్పుడల్లా హోమ్ అసిస్టెంట్ దాన్ని డేటాబేస్‌లో రాస్తుంది, మామూలుగా పది రోజుల చరిత్ర ఉంచుతుంది. అన్నేసి రాతలకి ఎస్‌డీ కార్డు అరిగిపోతుంది. చిన్న ఎస్‌ఎస్‌డీ తీసుకో. దాన్ని యూఎస్‌బీ 3 పోర్టుకి తగిలిస్తే, సెన్సర్లతో మాట్లాడే జిగ్‌బీ డాంగిల్‌ని మాత్రం ఓ పొడుగు వైరు వేసి దూరంగా పెట్టు, లేకపోతే ఆ పోర్టు రొదకి సిగ్నల్ తగ్గిపోతుంది. పై, రౌటర్ రెండింటినీ ఇన్వర్టర్ లైన్ మీదకి మార్చు. ఒకటి మారి ఇంకోటి మారకపోతే ఉపయోగం లేదు.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న మాట. మీ నానమ్మ ఎనభై ఏళ్ళుగా గోడ దగ్గరికెళ్ళి స్విచ్ నొక్కుతోంది. ఆవిడ ఫోన్ తెరిచి లైటు వెయ్యదు, వెయ్యాల్సిన అవసరమూ రాకూడదు. స్మార్ట్ బల్బు పెట్టావనుకో, ఆవిడ అలవాటుగా గోడ మీద ఆపేస్తుంది, ఇక నువ్వెంత పిలిచినా అది పలకదు. దాని బదులు స్విచ్ బోర్డు వెనకాల రిలే పెట్టించు, పాత స్విచ్‌నే దానికి కలిపించు. నెట్‌వర్క్ పోయినా, పై కాలిపోయినా ఆ స్విచ్‌తో లైటు వెలగాలి, ఆరాలి. పాత బోర్డుల్లో న్యూట్రల్ వైరు ఉందో లేదో ముందే చూడు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ లైటు వెలగాలా, ఆరి ఉండాలా అన్నది కూడా నువ్వే పెట్టు. అర్ధరాత్రి రెండింటికి కరెంటొచ్చి గదంతా వెలిగిందంటే, పాపం ఆవిడ మళ్ళీ నిద్రపోదు.

నీళ్ళ మోటారు జోలికి మాత్రం ఒక్కదానివే వెళ్ళకు. ఒక హార్స్‌పవర్ మోటారు అంటే 750 వాట్లే కదా, స్మార్ట్ ప్లగ్గు చాలుననిపిస్తుంది. కానీ మోటారు ఎత్తుకునేటప్పుడు మామూలు కన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకి చిన్న రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. ఆఫ్ అన్నా ఆగదు. ట్యాంకు పొంగిపోతుంది, లేదా బోరులో నీళ్ళు లేక ఖాళీగా తిరిగి వైండింగ్ కాలుతుంది. మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి కాంటాక్టర్ పెట్టించు. పై ఆ కాంటాక్టర్‌కి మాత్రమే చెప్పాలి. స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్‌ని తీయించకు, ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ నేరుగా వైరుతోనే మోటారుని ఆపేలా ఉండనీ. 2000 వాట్ల గీజరు తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల ప్లగ్గే వాడు, ఇరవై నిమిషాలకి దానంతటదే ఆగిపోయేలా పెట్టు.

దూరం నుంచి చూసుకోడానికి రౌటర్‌లో ఆ 8123 పోర్టు బయటికి తెరవకు. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ వాడుకో. ఇంకొక్క మాట, అమ్మా. తలుపు సెన్సర్లు, కదలిక సెన్సర్లు పెట్టాక నాన్న రాత్రి ఎన్నిసార్లు లేచాడో నీకు అక్కడ తెలిసిపోతుంది. పెట్టేముందు ఆయన్ని అడుగు. ఒప్పుకుంటేనే పెట్టు, వద్దంటే బతిమాలకు. హాల్లో కెమెరా అయితే నానమ్మని కూడా అడుగు. స్క్రీన్ మీద అంతా బాగానే ఉందని కనిపించినా ఫోన్ చెయ్యడం మాత్రం మానకు. మీ అమ్మకి నీ గొంతు వినాలని ఉంటుంది.

బ్యాకప్ దానంతటదే వేరేచోటికి వెళ్ళేలా పెట్టు. దాన్ని తెరిచే తాళం సంకేతాన్ని ప్రింటు తీసి ఇంటి కాగితాలతో పాటు బీరువాలో ఉంచు. కొత్త విడుదల నెలకోసారి వస్తుంది, వచ్చిన రోజే వెయ్యకు. చిన్న సవరణలు రానిచ్చి, బ్యాకప్ చూసుకుని, ఇంట్లో ఉన్నప్పుడే వెయ్యి. బటన్ల పేర్లు ‘హాలు లైటు’, ‘మోటారు’ అని తెలుగులో రాయి, మీ నాన్న కళ్ళజోడు వెతుక్కోకుండా చదవగలగాలి.

బయల్దేరే ముందురోజు పొద్దున్నే రాస్ప్‌బెర్రీ పై ప్లగ్గు తీసి పక్కన పెట్టు. సాయంత్రం దాకా ఎవరికీ ఏమీ చెప్పకు. ఎవరెక్కడ ఆగారో చూసి, అదంతా సరిచేశాకే బస్సెక్కు.

మీ మావయ్య