ఎండ సోకని చోటి ఋణము

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున శ్రీకాకుళ, విశాఖ మండలములనుండి వర్క్‌షాపు పనులకై ఖరగ్‌పూరు వచ్చి, తిరిగి పోవలెనని తలంచుచునే ఇచటనే తరములు గడిపిన తెలుగు కుటుంబములు ఝపటాపూర్‌లో నేటికిని గలవు. వారిలో కొందరము ఆదివారము సాయంకాలము కూడి ఏదో యొక ఉపనిషత్తును చదువుకొనుట కద్దు. ఒకనాడు, స్థావరజంగమములన్నింటికి సూర్యుడే ఆత్మయను ఋగ్వేదభావము ప్రస్తావనకు రాగా, హిజిలీలోని ఐఐటీలో భూగర్భశాస్త్రము చదువుచున్న యువకు డొకడు, పెద్దల మాటకు అడ్డు వచ్చుటకు కొంత జంకుచునే, "మాస్టారూ, ఎండ ఎన్నడూ తగలని చోట కూడా ప్రాణులున్నాయండి. మరి వాటికి ఆత్మ ఎవరంటారు?" అని యడిగెను. నలుగురును నవ్విరి. ప్రశ్న మాత్రము నవ్వదగినది కాదు.

అతడు చెప్పినది నిజము. నార్వేకును స్వాల్‌బార్డ్ ద్వీపములకును నడుమ, సముద్రోపరితలమునకు సుమారు 1,250 మీటర్ల దిగువన, హాకోన్ మోస్బీ అను బురదకొండ యొకటి కలదు. అచ్చటి అడుగునీరు సున్న డిగ్రీలకంటెను చల్లన. శీతకాలమున పైభాగముననే వారములకొలది సూర్యోదయ ముండదు గనుక, క్రింది చీకటినిగూర్చి చెప్ప నక్కరలేదు. ఆ బురదనుండి మీథేను వాయువు ఊరుచుండగా దాని చుట్టును బాక్టీరియా తెల్లని పొరలుగా పరచుకొనును. నోరును ప్రేవులును లేని సన్నని గొట్టపుపురుగులు తమ దేహములలోనే బాక్టీరియాను పోషించుచు, వానిచేతనే పోషింపబడుచు, గుంపులుగా నిలిచియుండును. దక్షిణధ్రువ ప్రాంతమున, వేల సంవత్సరములు చెక్కుచెదరక నిలిచిన లార్సెన్-బి అను మంచుపలక 2002లో పగిలి కొట్టుకొనిపోయిన పిమ్మట, అంతవరకు దానిచే కప్పబడియున్న సముద్రమును 2005లో పరికించినవారికి, 850 మీటర్ల లోతున ఇట్టి ఊటయే, దాని నాశ్రయించిన ఆలుచిప్పలే కనబడినవి.

ఇట్టి వార్తలు వినగానే మనలో రెండు పక్షములు బయలుదేరును. వేదము ఓడిపోయినదని ఒక పక్షము. ఇదంతయు మన పురాణములలో మునుపే యున్నదని రెండవ పక్షము. ఈ రెండవవారికి బడబానలము సిద్ధముగా నున్నది. భృగువంశీయులను క్షత్రియులు ఊచకోత కోయగా, తల్లి తొడయందు దాగి పుట్టిన ఔర్వుడు ఆ క్రోధముతో లోకములనే దహింపబూనెననియు, పితృదేవతలు వారింపగా ఆ యగ్నిని సముద్రమున విడిచెననియు, అది గుఱ్ఱపు ముఖము దాల్చి నీటిని త్రాగుచున్నదనియు ఆదిపర్వమున గలదు. మీథేను అధికపీడనమున చలినీటితో గూడి మంచుగడ్డగా ఘనీభవించునే, అగ్గిపుల్ల చూపిన ఆ మంచే మండునే, ఇంతకంటె బడబాగ్నికి నిదర్శన మేమి కావలెనని వారు మురిసిపోదురు. నాకీ మురిపెము రుచింపదు. ఆ కథ వాయువునుగూర్చినది కాదు. పగ తీర్చుకొన శక్తి యుండియు పెద్దల మాటకు తలయొగ్గి దానిని విడిచిపెట్టిన మానవునిగూర్చినది. దానిని రసాయనశాస్త్ర పాఠముగా మార్చుటచే శాస్త్రమునకు గౌరవము రాదు, కథకు ఉన్న గౌరవము పోవును.

ఇక ప్రశ్నలోనికి వత్తము. ఆ ప్రాణులు సూర్యునితో నిజముగా పొత్తులేనివేనా? దీని కుత్తరము వెదకుటకు ధ్రువములదాక పోనక్కరలేదు. ఖరగ్‌పూరునుండి చెన్నై రైలెక్కి రాజమహేంద్రవరపు వంతెన దాటునపుడు, ఎఱ్ఱని గోదావరి వరదనీటిని చూచి చిల్లరనాణెము విసరి దండము పెట్టని తెలుగువాడు అరుదు. ఆ నీరు కొనిపోవు ఒండ్రుతోపాటు తీరములందలి ఆకులు, గడ్డి, జీవజాలపు అవశేషములు సముద్రగర్భమున పొరలు పొరలుగా పేరుకొని, సూక్ష్మజీవులచే జీర్ణమై, యుగయుగములకు మీథేనుగా మారును. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అను నౌకపై కృష్ణా గోదావరి సముద్రతలమును తొలిచినపుడు, ఒకచోట సుమారు 128 మీటర్ల మందపు పొరలో మీథేను మంచు కానవచ్చెను. 2018లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారు సింధు సాధన నౌకపై వెళ్లి, ఆ ప్రాంతముననే మీథేను ఊటలను, వాని నాశ్రయించిన ప్రాణిసముదాయమును కనుగొనిరి. కావున ఆ చీకటి ప్రాణి తినునది ఒకప్పటి యెండయే. అది పీల్చునదియు యెండ ఫలమే: బంగాళాఖాతపు అట్టడుగునకు చేరు ప్రాణవాయువులో అధికభాగము, దక్షిణధ్రువ సముద్రమున ఉపరితలముపై చల్లబడి మునిగిన నీటితో వచ్చునదే.

ఇంతటితో సూర్యపక్షము గెలిచినదని నేను చెప్పను. 2000లో అట్లాంటిక్ గర్భమున కనుగొనబడిన లాస్ట్ సిటీ అను చోట, శిలయు నీరును కలియుటచేతనే హైడ్రోజను, మీథేను పుట్టుచున్నవి. వానితో బ్రదుకగల సూక్ష్మజీవులకు సూర్యుడు ఋణదాత కాడు. సత్యమును కోరువాడు దీనిని దాచరాదు. కాని ఆ జీవులును శిలకు ఋణపడియున్నవి. ఎండ లేని బ్రతుకు కలదు; ఋణము లేని బ్రతుకు మాత్రము నాకెక్కడను కానరాలేదు. తైత్తిరీయమున వరుణపుత్రుడైన భృగువు, తపస్సుచేసి మొదట తెలిసికొన్నది అన్నమే బ్రహ్మమని. తండ్రి అతనిని అంతటితో నిలువనీయక మరల తపస్సునకు పంపెను గాని, ఆ మొదటి మెట్టు తప్పని యనలేదు.

అథర్వవేదము పదునొకండవ కాండమున ఉచ్ఛిష్టమును స్తుతించు సూక్తము కలదు. లోకములు, దేవతలు, యజ్ఞములు సర్వమును మిగిలినదానియందే నిలిచియున్నవని దాని భావము. ఎంగిలి పళ్లెమును దూరముగా నెట్టుచు, దానిని తాకినవానినికూడ దూరముగా నెట్టిన మన యిండ్లలో ఈ సూక్తము నంతగా ఎవరును తలపరు. తలచినచో కొంత సిగ్గు కలుగును. ఊటలచెంత దాని సత్యము కన్నులకు కట్టును. మీథేనును ఆరగించు ఆర్కియా అను సూక్ష్మజీవులు, సల్ఫేటును స్వీకరించు బాక్టీరియాతో ముద్దగట్టి, ఒకదానిచే కానిపనిని రెండును గూడి నెరవేర్చుచుండుట 2000లో వెల్లడి యైనది. ఆకు శేషము వాయువైనది. వాయువును తినగా మిగిలిన గంధకపు విషము మరియొకరి కన్నమైనది. ఆ పిమ్మట సున్నపురాయి మిగిలెను, దానిమీద ఇతర జీవులు కాపురము పెట్టినవి. సముద్రగర్భమునుండి పైకి వచ్చు మీథేనులో పెద్దభాగము వాతావరణమును చేరకుండ నిలుపుచున్నదియు ఈ కంటి కగపడని భోక్తలే.

అయితే వానికి వ్యవధి కావలెను. దక్షిణధ్రువపు రాస్ సముద్రమున 2011లో కొత్తగా పుట్టిన యొక ఊటను పరిశీలింపగా, అయిదేండ్లు గడచినను ఆ వాయువును పూర్తిగా తినగల జీవసమూహము కుదురుకొనలేదని 2020లో ప్రకటించిరి. శేషమును భుజించువారు చేరకమునుపే దానిని కదల్చిన, అది తాపమై మన నెత్తిపైకే వచ్చును. నూరేండ్ల లెక్కలో మీథేను బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు వేడిమి నిలుపునది. కృష్ణా గోదావరి మంచునుండి ఇంధనము తీయవలెనను యత్నములు మన దేశమున సాగుచున్నవి. అందుకు పూనుకొనువారు తొలుత ఆ ఊటలచెంత ఏ యే ప్రాణులు గలవో లెక్కించి, ఆ లెక్కను ఆ తీరమున చేపలు పట్టుకొని బ్రదుకువారికి అర్థమగు తెలుగులో ప్రకటింపవలెనని నా విన్నపము.